తేదీ చెప్పని భూకంపం

అమెరికాలోని మిసోరీ రాష్ట్రంలో, మిసిసిపి నది వంపులో న్యూ మాడ్రిడ్ అనే చిన్న ఊరుంది. జనాభా మూడు వేలు కూడా లేదు. స్పెయిన్ ఏలుబడిలో వెలిసింది కనుక ఆ పేరు. అక్కడివాళ్లు మాత్రం ‘మ్యాడ్’ను ఒత్తి పలుకుతారు, స్పెయిన్ రాజధానిలా పలికితే బయటి మనిషని ఇట్టే తెలిసిపోతుంది.

1811 డిసెంబర్ 16 తెల్లవారుజాము నుంచి 1812 ఫిబ్రవరి 7 దాకా ఈ నేలను మూడు పెద్ద భూకంపాలు కుదిపేశాయి. మూడింటి తీవ్రతా 7కు అటూ ఇటూ అని అంచనా. చివరిది ఊరిని నేలమట్టం చేసింది. నదికి అడ్డంగా నేల లేవడంతో మిసిసిపి కాసేపు వెనక్కి పారిందంటారు. టెనెస్సీ వైపు రీల్‌ఫుట్ సరస్సు ఏర్పడింది కూడా అప్పుడే.

ఇవన్నీ చదువుకుని వెళ్లినవాళ్లకు అక్కడ దక్కేది నిరాశే. కూలిన గోడ ఒక్కటీ కనబడదు. పాత ఊరున్న చోటును నది ఎప్పుడో కోసుకుపోయింది. ఓ మ్యూజియం, కరకట్ట మీద నదిని చూసేందుకు ఓ వేదిక, అంతే. అసలు ఆనవాళ్లు ఊరి బయట చదును పొలాల్లో ఉన్నాయి. దున్నిన నల్లమట్టి మధ్య అక్కడక్కడా సున్నం ఒలికినట్టు పాలిపోయిన ఇసుక మచ్చలు. నేల ఊగినప్పుడు అడుగునున్న తడి ఇసుక నీళ్లలా మారి, పైపొరను చీల్చుకుని చిమ్మిన చోట్లవి. శాస్త్రవేత్తలు ఇలాంటి ఇసుక పొరలనే తవ్వి చూసి, క్రీ.శ. 900, 1450 ప్రాంతాల్లోనూ ఇంతటి భూకంపాలు వచ్చాయని తేల్చారు.

ఈ మచ్చల కోసం ఊరికి వచ్చేవాళ్లు తక్కువే. జనాన్ని రప్పించింది ఒక తేదీ. 1990 డిసెంబర్ 3 ప్రాంతంలో ఇక్కడ పెద్ద భూకంపం వస్తుందని ఐబెన్ బ్రౌనింగ్ అనే ఆయన చెప్పాడు. ఆయన భూకంప శాస్త్రవేత్త కాడు. ఆ లెక్కకు ఆధారం లేదని నిపుణులు మొత్తుకున్నా బడులు మూశారు, టీవీ వాహనాలు ఊళ్లో బారులు తీరాయి. నేల కదల్లేదు. ఊరివాళ్లు మాత్రం టీషర్టులు అమ్ముకున్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

అదే, రాబోయే 50 ఏళ్లలో 6 లేదా అంతకు మించిన తీవ్రతతో భూకంపం వచ్చే అవకాశం 25 నుంచి 40 శాతమని అమెరికా భూగర్భ సర్వే సంస్థ అంచనా వేస్తే ఒక్క టీవీ బండీ రాలేదు. అందులో తేదీ లేదు కదా! దిగువన మెంఫిస్ నగరంలో ఇనుము వాడకుండా కట్టిన పాత ఇటుక భవనాలు ఇంకా చాలానే ఉన్నాయి. వాటిని బిగించడానికయ్యే ఖర్చును ఏ తేదీ పేరు చెప్పి అడగాలి?