తిండి మానేసి తాగితే కేలరీలు చెల్లు కావు

“రాత్రి పార్టీ ఉందా? మధ్యాహ్నం నుంచే తినడం మానెయ్. మందు కేలరీలకు తిండి కేలరీలు చెల్లు. తక్కువ మందుకే కిక్కెక్కుతుంది. ఎక్కువైతే కక్కేస్తే సరి.” కాలేజీ హాస్టళ్లలో చేతులు మారుతున్న ఈ సలహాలో కిక్కు మాట ఒక్కటే నిజం. మిగతావన్నీ తప్పు.

ముందు ‘చెల్లు’ లెక్క. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే, గ్రాము ఆల్కహాల్‌లో 7. క్వార్టర్ విస్కీలో 400 పైచిలుకు, అంటే సుమారు రెండు కప్పుల అన్నమంత. పప్పూ గుడ్డూ ఇచ్చే మాంసకృత్తులు అందులో లేవు. పైగా ఒళ్లు ముందు ఆల్కహాల్‌ను వదిలించుకునే పనిలో పడుతుంది, కొవ్వు కరగడం వెనకబడుతుంది.

ఇక కిక్కు. కడుపులో తిండి ఉంటే మందు కాసేపు అక్కడే ఆగి, చిన్నపేగులోకి మెల్లగా దిగుతుంది. ఖాళీ కడుపైతే గబగబా రక్తంలో కలిసిపోతుంది. కాలేయం మాత్రం గంటకు 7 నుంచి 10 గ్రాములే అరాయించగలదు. క్వార్టర్‌లో ఉన్నవి దాదాపు 60. అమ్మాయిల ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అదే పెగ్గు వాళ్లకు ఇంకా ఎక్కువ ఎక్కుతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. మనం తిననప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాచేది కాలేయమే. పస్తుతో అందులోని నిల్వ తరిగిపోయాక, కొత్తగా చక్కెర తయారు కాకుండా మందు అడ్డుకుంటుంది. చెమటలు, వణుకు, తడబడే మాట... చూసేవాళ్లకు అచ్చం మత్తులాగే ఉంటుంది. మెదడుకు చక్కెర అందక పడిపోయిన పిల్లను, తాగి పడుకుందనుకుని దుప్పటి కప్పి వెళ్లిపోతారు.

కక్కేస్తే పోతుందా? రక్తంలో కలిసింది వెనక్కి రాదు. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పిలిచినా లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి, 108కి ఫోన్ చేయండి.

“ఇది డైటింగే, జబ్బేం కాదు” అనేవాళ్లూ ఉన్నారు. పత్రికలు దీన్ని డ్రంకోరెక్సియా అంటున్నాయి. వైద్యుల జాబితాలో ఆ పేరుతో విడిగా జబ్బు లేదు, నిజమే. కానీ పస్తుండటం, ఆకలి ఆగక విపరీతంగా తినడం, తిన్నందుకు కుమిలిపోయి కక్కడం, మర్నాడు మళ్లీ పస్తు... బులీమియా అనే తిండి జబ్బులో కనిపించేదీ ఇదే. మెస్‌కి రావడం మానేసి పార్టీలకు మాత్రం వచ్చే రూమ్మేట్‌ని “సన్నబడ్డావే” అని మెచ్చుకోకండి. పక్కన కూర్చుని, ఎన్నాళ్లయింది సరిగ్గా తిని అని అడగండి. చెప్పుకోవడానికి తనకు నోరు రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి మీరే కలిపి ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు.