కార్ల్‌సనే సర్వకాల శ్రేష్ఠుడనే ఆ ఐదు కారణాలు నిలవవు

సంక్రాంతి సెలవుల నుంచి కోనసీమలోని మా బంధువుల ఫోన్లన్నింటిలో ఒక సందేశం తిరుగుతోంది. చదరంగంలో సర్వకాల శ్రేష్ఠుడు మాగ్నస్ కార్ల్‌సనేనని లెక్కలతో సహా తేలిపోయిందనీ, ఇక దీని మీద వాదించడం దండగనీ దాని సారాంశం. అందుకు ఐదు కారణాలు చూపారు: ఎవరికీ అందని 2882 రేటింగు, ఆయన ఎత్తులే అందరికంటే కచ్చితమైనవని కంప్యూటర్ ఇచ్చిన తీర్పు, వరుసగా 125 ఆటల్లో ఓటమి లేకపోవడం, ప్రపంచ కిరీటం కోసం ఆడిన ఏ పోటీలోనూ ఓడకపోవడం, పాత తరం వాళ్లెవరూ ఇప్పటి ఆటగాళ్ల ముందు నిలవలేరన్న నమ్మకం. అమలాపురంలో ఉండే మా మేనల్లుడు దాన్ని నాకు పంపుతూ, "మావయ్యా, ఇక మీ కాస్పరోవ్ పురాణం కట్టిపెట్టొచ్చు" అని ఒక ముక్క జోడించాడు.

కార్ల్‌సన్ గొప్పతనంతో నాకు పేచీ లేదు, నేను మాజీ ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్ పక్షమే అయినా. 2011 జూలై నుంచి ప్రపంచ మొదటి ర్యాంకును వదలని మనిషిని తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. నా అభ్యంతరమల్లా ఆ ఐదు కారణాలతోనే.

అన్నిటికంటే బలమైనదిగా కనిపించేదీ, నిజానికి అన్నిటికంటే బలహీనమైనదీ రేటింగు వాదన. 2014 మేలో కార్ల్‌సన్ 2882కు చేరిన మాట నిజం. కానీ 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే స్వీకరించిన ఈ పద్ధతి, దాన్ని రూపొందించిన అర్పాద్ ఎలో ఉద్దేశంలోనే, ఒక ఆటగాడు తన కాలంలో తనతో ఆడేవాళ్ల కంటే ఎంత ముందున్నాడో చెప్పే కొలత మాత్రమే. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పై ఆటగాడికి నూటికి సుమారు 64 వంతుల ఫలితం రావాలని ఆ లెక్క చెబుతుంది. అంతకు మించి ఆ అంకెలో దాగిన రహస్యమేమీ లేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఇది వివరించడం కష్టం కాదు. వరద రోజుల్లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర అదే హెచ్చరిక 11.75 అడుగులకే వస్తుంది. నది ఒకటే, కొలిచేది అడుగుల్లోనే, అయినా 43 పెద్దది కాబట్టి భద్రాచలం వరద ధవళేశ్వరం వరదకు దాదాపు నాలుగు రెట్లని లంకల్లో చిన్నపిల్లాడు కూడా అనడు, ఎందుకంటే ఎక్కడి కొలబద్ద అక్కడిదే. 1972 నాటి రేటింగునూ 2014 నాటి రేటింగునూ పక్కపక్కన పెట్టి పెద్దదాన్ని ఎంచుకోవడం సరిగ్గా అలాంటి పనే.

పోనీ, అంకెనే నమ్ముదాం. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801తో ఉన్నాడు. మాజీ ప్రపంచ చాంపియన్ బాబీ ఫిషర్ జీవితంలో అందుకున్న గరిష్ఠ రేటింగు 2785. గుంటూరు హరికృష్ణ గరిష్ఠం 2770, మరో మాజీ ప్రపంచ చాంపియన్ మిఖాయిల్ తాల్ గరిష్ఠం 2705. అర్జున్‌నూ హరికృష్ణనూ చూసి గర్వపడే తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ని, కానీ అర్జున్ ఫిషర్‌ను మించాడనీ, హరికృష్ణ తాల్‌ను దాటేశాడనీ ఆ సందేశం రాసినాయన ఒప్పుకుంటాడా? ఒప్పుకోకపోతే 2882ను కూడా అలా వాడే హక్కు ఆయనకు లేదు. తేడాలనే చూస్తే కథ తిరగబడుతుంది. 1972 జూలైలో ఫిషర్‌కూ రెండో స్థానంలో ఉన్న స్పాస్కీకీ మధ్య 125 పాయింట్లున్నాయి. కార్ల్‌సన్ శిఖరం మీద ఉన్నప్పుడు ఆయనకూ రెండో స్థానంలోని ఆరోనియన్‌కూ మధ్య ఉన్నది సుమారు 70.

ఆ కొలబద్దను మనుషులే సవరిస్తారన్న సంగతి మా వీధిలోనే చూశాను. చెస్ నేర్చుకునే ఒక పిల్లవాడి రేటింగు 2024 ఫిబ్రవరి నెలాఖరుకు 1400 ఉండేది. మార్చి 1 ఉదయానికి 1640 అయింది. పిల్లవాడు బంటునైనా కదపలేదు. రెండు వేల లోపు ఉన్నవాళ్లందరికీ, ఆ రెండు వేలకు తక్కువైన దాంట్లో నూటికి 40 వంతులు కలపాలని ఫిడే నిర్ణయించింది, అంతే. వాళ్లమ్మ మాత్రం ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి ఇల్లిల్లూ పంచింది. తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ పూట నోరెత్తలేదు. ఈ సవరణ కార్ల్‌సన్ రేటింగును తాకలేదన్నది నిజమే, కానీ రేటింగును కాలాతీతమైన తూనికరాయిగా భావించేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్ తీర్పు విషయానికి వస్తే, అలాంటి తీర్పు ఇదివరకే ఒకటి వచ్చింది. 2006లో స్లొవేనియాకు చెందిన మతేయ్ గీద్, ఇవాన్ బ్రాట్కో అనే పరిశోధకులు ప్రపంచ చాంపియన్ల కిరీట పోటీల ఆటలను క్రాఫ్టీ అనే ప్రోగ్రాంతో జల్లెడ పట్టారు. అందులో మొదట నిలిచింది 1920లలో చాంపియన్‌గా ఉన్న కపబ్లాంకా. అప్పుడు కంప్యూటర్ మాట చెల్లనిదై, ఇప్పుడు వేదమెలా అయింది? తప్పులు తక్కువగా ఉండటానికి ఆటగాడి ప్రతిభ ఎంత కారణమో, ఆట స్వభావమూ అంతే కారణం. బలగాలను త్వరగా మార్చుకుని బోర్డును ఖాళీ చేసుకునేవాడికి తప్పు చేసే అవకాశాలే తక్కువ. గుర్రాన్నో ఏనుగునో బలి ఇచ్చి, ఎదుటివాడికి గడియారం తప్ప వేరే ధ్యాస లేకుండా చేసే తాల్ లాంటివాడు కంప్యూటర్ దృష్టిలో ఎప్పుడూ దోషే. పైగా నేటి ఆటగాడు తొలి పదిహేను, ఇరవై ఎత్తులు ఇంటి దగ్గర కంప్యూటరుతోనే వల్లించి వస్తాడు. ఆ ఎత్తులు కంప్యూటరుకు నచ్చాయంటే ఆశ్చర్యమేముంది?

వరుసగా 125 ఆటలన్నది పెద్ద ఘనతే. 2018 వేసవి నుంచి 2020 అక్టోబరులో పోలండ్ ఆటగాడు డూడా చేతిలో ఓడేదాకా అది సాగింది. అయితే వాటిలో గెలిచినవి 42, మిగిలినవన్నీ డ్రాలు. 1973, 74లలో తాల్ 95 ఆటలు ఓటమి లేకుండా ఆడి అందులోనే 46 గెలిచాడు. కార్ల్‌సన్ ప్రత్యర్థులు సగటున బలమైనవాళ్లన్న మాట ఒప్పుకుంటాను, కాబట్టి ఈ లెక్కను ఇంకా లాగను.

కిరీట పోటీలో ఓడలేదన్నదీ నిజమే. 2013లో చెన్నైలో మన ఆనంద్‌ను ఒక్క ఆట కూడా కోల్పోకుండా ఓడించిన తీరు మరచిపోయేది కాదు. కానీ 2016లో కర్యాకిన్‌తో, 2018లో కరువానాతో అసలు ఆటలు సమంగా ముగిసి, ఫలితం వేగపు ఆటల్లో తేలింది. ఆ తర్వాత 2021లో నెపోమ్నియాషీని గెలిచి, మరుసటి ఏడాది కిరీటాన్ని ఇక కాపాడుకోనని తానే ప్రకటించాడు. కిరీట పోటీలో ఓడనివాడే గొప్పవాడైతే, ఒకే ఒక్కసారి ఆడి గెలిచి 1975లో మళ్లీ బోర్డు దగ్గరికే రాని ఫిషర్ కూడా ఓడనివాడే. బరిలో ఎక్కువకాలం ఉన్నవాడే ఓడతాడు: 27 ఏళ్లు చాంపియన్‌గా ఉన్న లాస్కర్ 1921లో ఓడాడు, కాస్పరోవ్ 2000లో క్రామ్నిక్ చేతిలో ఒక్క ఆటైనా గెలవకుండా ఓడాడు. నేను సమర్థించే ఆటగాడికి అది మచ్చే, దాచను.

ఇక పాతవాళ్లు నేటివాళ్ల ముందు నిలవలేరన్న వాదన. నిలవలేరు, నిజమే, అయితే దానివల్ల రుజువయ్యేదేమీ లేదు. 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. కాలువ కింద పొలమున్న రైతెవడూ బ్యారేజీ కట్టిన ఇంజనీరు కాటన్‌కంటే గొప్పవాడని అనలేదు, విగ్రహాలు మాత్రం ఊరూరా కాటన్‌వే ఉన్నాయి. ముందున్నవాడు ఎక్కడ వదిలాడో అక్కడినుంచి ఎంత దూరం తీసుకెళ్లాడన్నదే అడగాల్సిన ప్రశ్న. 2009లో కార్ల్‌సన్‌కు శిక్షణ ఇచ్చింది స్వయంగా కాస్పరోవ్ కావడం ఈ సందర్భంలో చిన్న విషయం కాదు.

నా ఓటు కాస్పరోవ్‌కే. 1984 నుంచి 2005లో ఆట విరమించేదాకా దాదాపు రెండు దశాబ్దాలు శిఖరాన నిలవడం ఒక కారణమైతే, తనకు ముందు చాంపియన్, తనతో దాదాపు సరిసమానుడు అయిన కార్పోవ్‌తో కిరీటం కోసం ఐదు పోటీల్లో 144 ఆటలు ఆడి, 21 గెలుపులు, 19 ఓటములు, 104 డ్రాలతో బయటపడటం మరొకటి. అలాంటి ప్రత్యర్థి కార్ల్‌సన్‌కు దొరకలేదు. అది ఆయన తప్పు కాదు, కానీ ఆ పరీక్ష జరగలేదు.

మేనల్లుడికి జవాబుగా 1987లో స్పెయిన్‌లోని సెవిల్‌లో కార్పోవ్‌తో జరిగిన కిరీట పోటీలోని చివరిదైన ఇరవైనాలుగో ఆటను పంపాను. అంతకు ముందు ఆటలో ఓడిన కాస్పరోవ్ కిరీటం నిలవాలంటే ఇది గెలిచి తీరాలి; డ్రా అయినా పదవి పోతుంది. అయినా ఆయన మొదటి ఎత్తు నుంచి దాడికి ఎగబడలేదు. నెమ్మదైన ఆట ఎంచుకుని, బలగాలను బోర్డు మీదే ఉంచి, కార్పోవ్ గడియారాన్ని కరగనిచ్చాడు. ఆ పూట ఆట ఆగిపోయి మర్నాడు కొనసాగింది. ఒక బంటు ఎక్కువతో ఓర్పుగా నొక్కుతూ పోగా 64వ ఎత్తుకు కార్పోవ్ చేతులెత్తేశాడు. పోటీ 12-12తో సమమై కిరీటం అప్పటికే చాంపియన్‌గా ఉన్న కాస్పరోవ్ దగ్గరే ఉండిపోయింది.

మావాడు దాన్ని ఫోనులోని కంప్యూటరుకు చూపించి, "ఇద్దరూ తప్పులు ఆడారు మావయ్యా" అని రాశాడు. గడియారం తరుముతుంటే ఆడారని నాకూ తెలుసు. ఫోను పక్కన పెట్టి, ఇరవయ్యో ఎత్తు తర్వాత నుంచి కార్పోవ్ వైపు కూర్చుని తానే ఆడి డ్రా చేసి చూపించమన్నాను. రెండు రోజులైంది, జవాబు రాలేదు.