జవాను నిధికి లెక్క చెప్పాలి

ఏటా డిసెంబరు 7న బడి పిల్లల దగ్గర్నుంచి మంత్రుల దాకా చొక్కాకు చిన్న జెండా పెట్టుకుని, డబ్బాలో తోచినంత వేస్తారు. 1949 నుంచి ఇది ఆనవాయితీ. ఆ డబ్బు ఎటు పోతుందో తెలుసుకోవాలనుకుంటే దారి ఉంది. అప్పటిదాకా వేరువేరుగా ఉన్న సంక్షేమ నిధులను 1993లో రక్షణ శాఖ కలిపేసి సాయుధ దళాల పతాక దినోత్సవ నిధిగా చేసింది. పింఛను లేక, 65 ఏళ్లు దాటి, ఆదరువు లేని మాజీ సైనికులకూ వారి వితంతువులకూ నెలనెలా అందే సాయం ఇందులోదే. 2025 నవంబరు నుంచి దాన్ని రూ.4 వేల నుంచి రూ.8 వేలకు పెంచారు. ఇచ్చినవారికి రసీదు, పన్ను రాయితీ ఉన్నాయి. లోపలికి వచ్చే సొమ్ముకు నియమాలు ఇంత స్పష్టంగా ఉన్న దేశంలో, బయటికి పోయే సొమ్ము విషయంలో మాత్రం మసక మసకే.

ముందు రాకడ సంగతి. 2016 ఫిబ్రవరిలో సియాచిన్ మంచు చరియల కింద పదిమంది సైనికులు చనిపోయినప్పుడు, మేమూ ఇస్తామంటూ జనం ముందుకొచ్చారు. యుద్ధంలో నేలకొరిగినవారి కుటుంబాల కోసం వేరే నిధి పుట్టింది అలాగే. అదే ఏడాది అక్టోబరులో ముంబయిలో మరో తమాషా జరిగింది. పాకిస్తానీ నటులతో సినిమా తీసిన నిర్మాతలు సైనిక నిధికి రూ.5 కోట్లు కట్టాలని మహారాష్ట్ర నవనిర్మాణ సేన నేత రాజ్ ఠాక్రే షరతు పెట్టారు. ముఖ్యమంత్రి సమక్షంలోనే బేరం కుదిరింది. సైన్యంలోనే చాలామందికి ఇది మింగుడుపడలేదు. విరాళమంటే మనసుపడి ఇచ్చేదే కానీ మెడ పట్టుకుని వసూలు చేసేది కాదని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పరీకర్ తేల్చి చెప్పారు. అమరుల పేరు చెప్పి జరిమానా వేసే అధికారం ఏ పార్టీకీ లేదు.

పరీకర్ చెప్పిన మాట సైన్యం లోపలికీ వర్తించాలి. 2020 మార్చిలో రక్షణ శాఖ ఉద్యోగులు, త్రివిధ దళాల సిబ్బంది ఒకరోజు జీతం కొవిడ్ సాయానికి పెట్టిన పీఎం కేర్స్ నిధికి ఇస్తారని ప్రభుత్వం ప్రకటించింది. మొత్తం రూ.500 కోట్లు రావచ్చని అంచనా వేసింది. ఇది స్వచ్ఛందమేనని, వద్దనుకున్నవారిని మినహాయిస్తామని కూడా చెప్పింది. కాగితం మీద తప్పు పట్టడానికేమీ లేదు. కానీ పై అధికారి మాటే శాసనమైన చోట ‘నేను ఇవ్వను’ అని రాసిచ్చే సిపాయి ఎంతమంది ఉంటారు? ఇస్తానన్నవాడి జీతంలోనే కోత పెట్టాలి. వద్దని చెప్పుకోవాల్సిన భారం జవాను మీద వేయకూడదు.

అసలు చిక్కు సైన్యంలోని యూనిట్ల (పటాలాల వంటి దళాల) స్థాయిలో ఉంది. ప్రతి యూనిట్‌కూ రెజిమెంటల్ ఫండ్ అని ఒకటి ఉంటుంది. సైనికులకు చౌకగా సరుకులమ్మే యూనిట్ క్యాంటీన్ లాభాల వంటివి అందులో చేరతాయి. సైనిక నిబంధనల ప్రకారం ఇది ప్రజాధనం కాదు. యూనిట్ క్యాంటీన్లలో పనిచేసేవారు ప్రభుత్వోద్యోగులు కారని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడూ, వాటికి ఖజానా నుంచి సొమ్ము రాదన్న అంశమే కీలకమైంది. సరే, అలాగే అనుకుందాం. మరి ఆ క్యాంటీన్ల సరుకు మీద జీఎస్టీలో సగం రాయితీ ఇస్తున్నది ఎవరు? ఈ క్యాంటీన్లకు సరుకు పంపే క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ మీద 2010లో ఇచ్చిన నివేదికలో, యూనిట్ క్యాంటీన్ల లెక్కలు తన పరిశీలనకు అందడం లేదని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ వేలెత్తి చూపింది. రక్షణ భూముల్లోని గోల్ఫ్ కోర్సుల ఆదాయం ఖజానాకు చేరకుండా ఈ నిధుల్లోకి మళ్లుతోందని మరో నివేదికలో ఆక్షేపించింది. భూమి సర్కారుదైనప్పుడు దాని మీద వచ్చే రాబడి సర్కారుది కాకుండా ఎలా పోతుంది?

యూనిట్‌కు అధిపతి అయిన కమాండింగ్ ఆఫీసర్ ఈ రెజిమెంటల్ ఫండ్‌కు ధర్మకర్త అని సైనిక నిబంధనలే అంటున్నాయి. నిధి ఏ పనికి పుట్టిందో ఆ పనికే, యూనిట్‌లో ఉన్న అందరి మేలుకే ఖర్చు కావాలి. బదిలీ మీద వెళ్లే అధికారికి వెండి జ్ఞాపిక, తనిఖీకొచ్చిన పెద్దాయనకు శాలువా, ఆయన సతీమణికి ఇంకో కానుక... ఇవన్నీ అందరి మేలు కిందికే వస్తాయా? జ్ఞాపిక ఇవ్వడం తప్పని మేం అనడం లేదు. ఇచ్చేవారు తమ జేబులోంచి ఇచ్చుకుంటే ఎవరూ అడగరు. జవాను కొన్న సబ్బు మీద మిగిలిన లాభంలోంచి అయితేనే అడగాలి. సైనిక మెస్ సొమ్మును దురుద్దేశంతో కాజేస్తే పదేళ్ల వరకు జైలు శిక్ష వేసే సెక్షన్ 1950 నాటి సైనిక చట్టంలో ఉంది. కానీ కాజేయడానికీ కానుకివ్వడానికీ మధ్య చాలా జాగా ఉంది. అక్కడ చట్టం పనిచేయదు, సంప్రదాయమే రాజ్యం చేస్తుంది. లెక్కలు చూసే ఆఫీసర్ల బోర్డు కూడా సైన్యం లోపలిదే.

అమెరికా ఈ ముడిని వేరేలా విప్పింది. సైనిక దుకాణాలు, వినోద కేంద్రాల నుంచి వచ్చే సొమ్ము చట్టసభ మంజూరు చేసింది కాకపోయినా ప్రభుత్వ సొమ్మేనని అక్కడి రక్షణ శాఖ నిబంధన. ఖజానా డబ్బుకు ఎంత కాపలా ఉంటుందో దీనికీ అంతే. బ్రిటన్‌లో రెజిమెంట్ల నిధులు చాలావరకు చారిటీలుగా ఉంటాయి కాబట్టి వాటిపై నిఘా ఉంచే చారిటీ కమిషన్‌కు జవాబు చెప్పుకోవాలి. మనది ఆ దారీ కాదు, ఈ దారీ కాదు.

స్థిరాస్తుల విషయం మరీ సున్నితం. సైనికుల పేరు చెబితే భూమి ఎంత సులువుగా చేతులు మారుతుందో ముంబయిలోని ఆదర్శ్ హౌసింగ్ సొసైటీ కుంభకోణం చూపించింది. కార్గిల్ వీరులు, వితంతువుల పేరు వినిపించిన ఆ భవంతిలో ఫ్లాట్లు నాయకులకు, అధికారులకు, వారి బంధువులకు చేరాయి. దాంతో 2010లో ఒక ముఖ్యమంత్రి పదవి పోయింది. ఇక సొంత స్థలమో ఇల్లో సైనిక సంక్షేమానికి ఇవ్వాలనుకునే దాతలు ఒక సంగతి గమనించాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, దాత బతికి ఉండగానే అవతలివారు స్వీకరించాలి. సభలో మైకు పట్టుకుని ప్రకటిస్తే చెల్లదు. నిజాం దేశ రక్షణకు అయిదు టన్నుల బంగారం దానం చేశారని మన దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి ఆయన 1965లో వడ్డీ వచ్చే బంగారు బాండ్లలో పెట్టింది 425 కిలోలు. లెక్కలు జనం ముందు లేనప్పుడు కథలకు కొదవుండదు.

రక్షణ శాఖ చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ఖజానా రాయితీ గానీ సర్కారు భూమి గానీ తోడైన ప్రతి యూనిట్ నిధినీ కాగ్ పరిధిలోకి తేవాలి. ఆ నిధుల్లోంచి వ్యక్తులకు కానుకలు ఇవ్వడాన్ని పూర్తిగా ఆపాలి. యూనిట్ మూతపడినా మరో దాంట్లో కలిసినా నిధి, ఆస్తులు ఎవరికి దఖలు పడతాయో ముందే రాసి ఉంచాలి. మూడు నెలలకోసారి జమాఖర్చులను జవాన్లకు అర్థమయ్యే భాషలో బ్యారక్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. రహస్యమంటూ దాచడానికి ఇవి తుపాకుల లెక్కలు కావు. పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం ఈ ఫైలును మళ్లీ తెరిచి, 2010లో కాగ్ అడిగిన ప్రశ్నలకు ఇన్నేళ్లలో ఏం చేశారో అధికారులను పిలిపించి చెప్పించాలి.