యూరియా బస్తా సరే, యూరియేజ్ సంగతేంటి?

బస్టాండులో మరుగుదొడ్డి వైపు నాలుగడుగులు వేయగానే ముక్కు మండి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నిజానికి అప్పుడే పోసిన మూత్రానికి అంత ఘాటు ఉండదు. అందులోని యూరియాకైతే దాదాపు వాసనే లేదు. ఆ ఘాటు అమ్మోనియాది. గచ్చు మీదా మురుగులోనూ కాపురం ఉండే బ్యాక్టీరియా యూరియాను విరగ్గొట్టి దాన్ని పుట్టిస్తుంది. ఆ పనికి అది వాడే ఎంజైమ్ (రసాయన చర్యను వేగంగా నడిపించే పదార్థం) పేరు యూరియేజ్. తెల్లారి పశువుల కొట్టం తలుపు తీయగానే గుప్పుమనేదీ, వరి మడిలో యూరియా చల్లాక గాలిలో కలిసిపోయేదీ కూడా ఆ అమ్మోనియానే. మడి ఆరుబయట ఉంది కాబట్టి మన ముక్కుకు తెలియదు, అంతే.

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం తెల్లవారుజామునే సొసైటీల ముందు చెప్పులు వరుసపెట్టి కూర్చున్నారు. టీవీ చర్చలన్నీ ఎన్ని టన్నులు వచ్చాయి, ఎన్ని రావాలి, తప్పు ఢిల్లీదా హైదరాబాదుదా అన్నదాని చుట్టూనే తిరిగాయి. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ దొరికిన బస్తా మడిలో పడ్డాక ఏమవుతోందని అడిగినవాళ్లు తక్కువ. 45 కిలోల బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోలు నత్రజని. వరిలో అందులో పైరుకు ఒంటబట్టేది మామూలుగా 30-40 శాతమే. మిగతాదాంట్లో పెద్ద వాటా ఎటు పోతుందో తేల్చేది యూరియేజ్. మన ఎరువుల విధానం మాత్రం ఈ ఎంజైమ్‌ను ఇంతవరకూ లెక్కలోకే తీసుకోలేదని నా అభిప్రాయం.

యూరియేజ్‌ను తిట్టి లాభం లేదు. మొక్క వేళ్లు ఎక్కువగా తీసుకునేది అమ్మోనియం, నైట్రేట్ రూపాల్లోని నత్రజనినే. యూరియా అలా మారాలంటే ముందు విరగాలి. ఉత్త నీళ్లలో దాని మానాన దాన్ని వదిలేస్తే అందులో సగం విరగడానికి దాదాపు 40 ఏళ్లు పడుతుందని అంచనా. యూరియేజ్ ఒక్కటి సెకనుకు వేల అణువులను విరగ్గొడుతుంది. ఈ ఎంజైమే లేకపోతే యూరియా చల్లినా సున్నం చల్లినా పైరుకు ఒకటే. చిక్కంతా దాని తొందరతోనే.

ఈ ఎంజైమ్ చరిత్ర ఒక చేతితో పనిచేసిన మనిషితో మొదలవుతుంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసిన జేమ్స్ సమ్నర్ ఎడమచేతి వాటం మనిషి. 17 ఏళ్ల వయసులో వేటలో జరిగిన ప్రమాదంలో ఆ ఎడమ చెయ్యే పోయింది. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్ బీన్ గింజల పిండిని ఎసిటోన్ కలిపిన నీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ నీళ్లను రాత్రంతా చల్లగా ఉంచాడు. పొద్దున్నే మైక్రోస్కోప్ కింద చూస్తే చిన్న చిన్న స్ఫటికాలు. 1926 నాటి మాట ఇది. ఒక ఎంజైమ్ స్ఫటికంగా చేతికి దొరకడం అదే మొదలు. ఎంజైమ్ అంటే ప్రొటీనే అని ఆయన అంటే జర్మనీ పెద్దలు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి 1946లో నోబెల్ వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ స్ఫటికాల్లో నికెల్ లోహం ఉందన్న సంగతి 1975 దాకా ఎవరికీ తెలియదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు బయటపెట్టారు. ఎంజైమ్‌లో నికెల్ కనిపించడమూ అదే మొదటిసారి.

బ్యాక్టీరియా యూరియేజ్ లోపల ఎలా ఉంటుందో 1995లో తెలిసింది. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్‌ను ఎక్స్‌రేలతో చూశారు. మూడు రకాల ప్రొటీన్ గొలుసులు కలిసి ఒక జట్టు, అలాంటి జట్లు మూడు కలిసి పొయ్యిరాళ్లలా కుదురుకున్న ఆకారం. ప్రతి జట్టులోనూ లోతైన గుంట, దాని అడుగున రెండు నికెల్ పరమాణువులు. వాటి మధ్య ఎడం సుమారు మూడున్నర ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే సెంటీమీటరులో దాదాపు మూడు కోట్లో వంతు. యూరియా లోపలికి రాగానే గుంట మీది రెప్ప మూసుకుంటుంది. యూరియాలోని ఆక్సిజన్ నికెల్‌కు అంటుకుంటుంది. నికెల్ పట్టులో ఉన్న నీటి అణువు యూరియా నడుమనున్న కార్బన్‌ను కొడుతుంది. ఒక అమ్మోనియా ఊడి వస్తుంది. మిగిలిన ముక్క బయటికొచ్చి దానంతటదే విరిగి రెండో అమ్మోనియానూ కార్బోనిక్ ఆమ్లాన్నీ ఇస్తుంది, ఆ ఆమ్లంలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

నన్ను ఆకట్టుకున్న వివరం ఇంకొకటుంది. ఆ రెండు నికెళ్లను కలిపి పట్టే వంతెన ఒక లైసిన్ (ప్రొటీన్ గొలుసులోని ఒక అమైనో ఆమ్లం), దాని కొసకు అతికిన కార్బన్ డయాక్సైడ్ అణువు. అంటే యూరియా నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడిపించే ఈ యంత్రాన్ని బిగించడానికే ఒక కార్బన్ డయాక్సైడ్ కావాలన్నమాట! నికెల్‌ను ఊరికే వదిలితే కణానికి విషం కాబట్టి దాన్ని జాగ్రత్తగా మోసుకొచ్చి గుంటలో పెట్టడానికి బ్యాక్టీరియా నాలుగు ప్రొటీన్లను విడిగా తయారుచేసుకుంటుంది. ఇంత ఖర్చు పెట్టుకుందంటే యూరియా దానికి ఎంత విలువైనదో చూడండి.

కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ కూడా ఈ అమ్మోనియాను చుట్టూ కప్పుకునే జీర్ణాశయంలోని ఆమ్లంలో బతుకుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఇస్రో శాస్త్రవేత్తలైతే 2020లో ఇంకో యూరియేజ్ బ్యాక్టీరియాను పట్టుకుని, చంద్రుడి మట్టిని పోలిన పొడిలో యూరియా, గోరుచిక్కుడు జిగురు కలిపి ఇటుకలు చేశారు. మన మడిలో బస్తాను కరిగించేసేది ఇంకోచోట ఇటుకను కడుతోంది.

మళ్లీ మడికే వద్దాం. నిలిచిన నీళ్లలో యూరియా చల్లితే వెంటనే కరుగుతుంది. నీళ్లలోనూ, మట్టి పైపొరలోనూ ఉన్న యూరియేజ్ రోజుల్లోనే దాన్ని అమ్మోనియం (నీళ్లలో కరిగి ఉండే అమ్మోనియా రూపం) చేసేస్తుంది. మధ్యాహ్నం ఎండకు నీళ్లలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేయడంతో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటిపోవచ్చు. 9.25 దగ్గర అమ్మోనియంలో సగం అమ్మోనియా వాయువు అయిపోతుంది. దానికి గాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

దీనికి ప్రభుత్వం చూపించే మందు వేప పూత. 2015 నుంచి దేశంలో యూరియా అంతటికీ అది తప్పనిసరి. పరిశ్రమలకు దారి మళ్లకుండా ఆపడానికి అది పనికొస్తుందన్న వాదనలో అర్థముంది. కానీ వేప ముఖ్యంగా అడ్డుపడేది తర్వాతి మెట్టుకు, అమ్మోనియం నైట్రేట్‌గా మారడానికి. అది మెట్ట పైర్లకు బాగా కలిసొస్తుంది. నిలిచిన నీళ్లలో దొంగ ముందు గుమ్మంలోంచే పోతుంటే, మనం వెనక తలుపుకు తాళం వేశాం.

ముందు గుమ్మానికీ తాళం ఉంది. ఎన్‌బీపీటీ అనే రసాయనం నికెల్ గుంటలో దూరి కూర్చుని, యూరియేజ్‌ను కొన్ని రోజులు ఆపుతుంది. జర్మనీలో 2020 నుంచి యూరియా చల్లాలంటే ఇలాంటి నిరోధకం కలిపి ఉండాలి, లేదా నాలుగు గంటల్లోగా మట్టిలో కలిపేయాలి. వేడి నేలల్లో ఈ రసాయనం ప్రభావం తొందరగా తగ్గుతుంది కాబట్టి, జర్మనీ చట్టాన్ని ఇక్కడికి ఎత్తుకొచ్చి పెట్టమని నేననను. మన మడుల్లో పరీక్షించి చూడడానికైనా బస్తాల మీద పెట్టే సబ్సిడీలో పిసరంత పక్కన పెట్టమంటాను.

అసలు మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్న పద్ధతి ఒకటుంది. 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమ మట్టి కలిపి, రెండు రోజులు ఉంచి, నీళ్లు తీసేసిన బురద పదునులో చల్లి, 36-48 గంటల తర్వాత పలుచగా నీళ్లు పెట్టమంటారు. దీంట్లో తెలివి చూడండి. యూరియేజ్‌ను ఆపే ప్రయత్నమే లేదు. అది చేసే పనేదో మట్టి కుప్పలోనే చేయనిస్తే, పుట్టిన అమ్మోనియం బంకమట్టికి అతుక్కుంటుంది.

మరి ఎవరు చేస్తున్నారు? నాకు తెలిసిన ఒక కౌలు రైతును అడిగాను. "బస్తా 266 రూపాయల యాభై పైసలు. మట్టి తవ్వి, కలిపి, మోయడానికి ఇద్దరు కూలీలను పెడితే అంతకు రెండింతలు అవుద్ది. దాని బదులు ఇంకో అర బస్తా చల్లుకుంటే పోలే?" అన్నాడు. ఆ లెక్కలో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆ వానాకాలం వరుసలో ఆయన చెప్పులు కూడా ఉన్నాయి, ఆ అర బస్తా కోసం.