తూకానికి అందని ఎదుగుదల

మా అక్క మనవడు ఏడో నెలలోనే పుట్టాడు. 1,250 గ్రాములు. నెలకు పైగా బాక్సులో పెట్టారు. ఇంటికి తెచ్చాక చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంత బరువు పెరిగాడు?" ఆసుపత్రి కార్డులోనూ అంతే. బరువు గడి ప్రతిసారీ నిండింది, తల చుట్టుకొలత గడి రెండుసార్లు ఖాళీగా వదిలేశారు. మెదడు ఎలా పెరుగుతోందో తెలిపేది తల కొలతే. నా టెన్షన్ అంతా ఆ ఖాళీ గడి గురించే.

32 వారాలైనా నిండకుండా పుట్టిన బిడ్డకు, మెదడు జోరుగా పెరగాల్సిన చివరి రెండు నెలలు అమ్మ కడుపు బయటే గడుస్తాయి. అప్పుడు తిండి చాలకపోతే ఆ లోటు తర్వాత పూడటం కష్టం. 1980లలో బ్రిటన్‌లో పరిశోధకుడు అలన్ లూకస్ బృందం నెలలు నిండని పిల్లల్లో కొందరికి మామూలు డబ్బా పాలు, కొందరికి పోషకాలు పెంచిన పాలు పట్టించింది. ఏడెనిమిదేళ్లకు తెలివితేటల పరీక్షలో రెండోవాళ్లు, ముఖ్యంగా మగపిల్లలు, ముందున్నారు. కానీ 13-16 ఏళ్లకు చూస్తే, ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణం (తర్వాత షుగర్ జబ్బుకు దారితీయగలది) కూడా వాళ్లలోనే ఎక్కువ కనిపించింది.

అలాగని పసిబిడ్డకు పాలు తగ్గించమని కాదు. ఆ వయసులో మెదడే ముఖ్యం. అమ్మపాలు పట్టాలి, డాక్టరు చెబితే వాటిలో బలం పెంచే పొడి కలపాలి. నేను తప్పంటున్నది తర్వాత జరిగేదాన్ని. "సన్నగా ఉన్నాడేమిటి" అన్న మాట పడలేక, పొడవు పెరుగుతోందా లేదా అని చూడకుండా పిల్లాడికి కుక్కి కుక్కి తినిపిస్తాం. పక్కింటి బిడ్డతో పోలుస్తాం. రెండు నెలలు ముందు పుట్టిన ఆరు నెలల బిడ్డను నాలుగు నెలల బిడ్డగానే లెక్కేయాలని చాలా ఇళ్లలో ఎవరూ చెప్పరు.

కిడ్నీల సంగతీ ఉంది. వాటిలో రక్తాన్ని వడకట్టే సూక్ష్మ భాగాలు గర్భం దాదాపు 36 వారాలు నిండేవరకు తయారవుతూ ఉంటాయి. ముందే పుట్టినవాళ్లలో అవి తక్కువగా ఉండొచ్చు. పెద్దయ్యాక వాళ్లకు బీపీ కాస్త ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణమని భావిస్తున్నారు. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో, ఇలాంటి పిల్లలకు మూడేళ్లు నిండకముందు నుంచే బీపీ చూడాలని చెప్పింది. మన దగ్గర చిన్నపిల్లల బీపీ పట్టీ ఎన్ని క్లినిక్కుల్లో బయటికి తీస్తున్నారు?

పోయిన నెల అక్క ఆ కార్డు ముందు పెట్టి, "తల కూడా కొలవండమ్మా" అని అడిగింది. టేపు కోసం నర్సు పక్క గదికి వెళ్లాల్సి వచ్చింది.