నల్లమలలో నేల మంటల సంగతి

మేరీల్యాండ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త మాథ్యూ హాన్సెన్ బృందం ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు చూసి, మ్యాప్ గీసి, 2000 నుంచి 2012 దాకా ప్రపంచంలో 23 లక్షల చదరపు కిలోమీటర్ల అడవి పోయిందని 2013లో తేల్చింది. చాలా గొప్ప పని. కానీ మా నల్లమల లాంటి ఆకురాల్చే అడవుల్లో మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. గడ్డి, ఎండుటాకులు కాలిపోతాయి, పెద్ద చెట్లు మళ్లీ చిగురిస్తాయి. అందుకే ఆ మ్యాప్‌లో అడవి పోయినట్టు పడదు. మొన్న మార్చిలో దోర్నాల వైపు కాలిన చోట నడిచాను. బూడిదలో వేలెడంత నల్లమద్ది మొలకలు మాడిపోయి ఉన్నాయి, ముట్టుకుంటే పుటుక్కున విరిగాయి. ఏ చోట ఎన్నేళ్లు వరుసగా కాలిందో చూపే మ్యాపు కూడా అడవిలో మంటలు కనిపెట్టి ఆర్పే మా ఫైర్ వాచర్ల చేతికి రావాలండీ. వాళ్లు ఇప్పటికీ పచ్చి కొమ్మలతోనే మంట కొడుతున్నారు.