మూడేళ్లు దాటిన కాలేజీ బకాయి మాఫీ అయినట్టేనా?

"కాలేజీ ఫీజు బకాయి మూడేళ్లు దాటితే చట్టప్రకారం మాఫీ. రికవరీ వాళ్లు ఫోన్ చేస్తే ఆర్‌బీఐకి ఫిర్యాదు చేయండి. మరీ వేధిస్తే వెయ్యో రెండువేలో కట్టి వదిలించుకోండి. కోర్టు నోటీసు వస్తే పట్టించుకోకండి." తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం సారాంశమిది. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు.

ఫీజు బాకీ కోసం దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం సాధారణంగా మూడేళ్లే గడువిస్తుందన్నది వాస్తవమే. అయితే గడువు తీరాక పోయేది దావా వేసే హక్కే గాని బాకీ కాదు. అడిగే హక్కు కాలేజీకి ఉంటుంది, మర్యాదగా అడిగినంత వరకు అది తప్పూ కాదు. పైగా గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసి ఉంటే, ఆ సంతకం చేసిన రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి.

"కొంత కట్టి వదిలించుకోండి" అన్న సలహా అన్నిటికంటే చెడ్డది. గడువు తీరకముందు కొంత కట్టి, ఆ చెల్లింపు మన చేతిరాతతోనో సంతకంతోనో నమోదైతే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గడువు తీరాక కట్టిన వెయ్యితోనే దావా హక్కు తిరిగి రాదు, నిజమే. కానీ వచ్చినవాళ్లు వెయ్యితో ఊరుకోరు, కాగితం చాపుతారు. తిరుపతి కొర్లగుంటలో మా పక్కింటి అబ్బాయికి ఇచ్చిన కాగితం నేను చూశాను. పైన పెద్ద అక్షరాల్లో "సెటిల్‌మెంట్ లెటర్", కింద చిన్న అక్షరాల్లో మిగిలిన బకాయి వాయిదాల్లో చెల్లిస్తానన్న హామీ, సంతకానికి ఖాళీ గీత. గడువు తీరిన బాకీనైనా చెల్లిస్తానని రాసి సంతకం పెడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) ప్రకారం అది కొత్త ఒప్పందంగా చెల్లుతుంది. చచ్చిన బాకీకి చేజేతులా ప్రాణం పోసినట్టే. "ఇంట్లో అడిగి చెప్తానన్నా" అని వాళ్లను పంపేసిన ఆ అబ్బాయి తెలివైనవాడు.

ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయరాదన్న 2022 నాటి ఆర్‌బీఐ నియమం బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు, వాటి ఏజెంట్లకు సంబంధించినది. కాలేజీ నేరుగా పెట్టుకున్న ఏజెంటుకు కాదు. కనుక బాకీ కాలేజీకా, ఈఎంఐ ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీకా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండోదైతే కట్టకపోతే సిబిల్ స్కోరు (అప్పులు తీర్చే తీరుకు ఇచ్చే మార్కు) కూడా దెబ్బతింటుంది. బెదిరింపు మాత్రం ఎవరు చేసినా భారతీయ న్యాయసంహిత సెక్షన్ 351 కింద నేరం.

మన దగ్గర మరో చిక్కుంది. బకాయిగా చూపే మొత్తంలో ప్రభుత్వం ఇవ్వవలసిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వాటా కూడా కలిసి ఉండవచ్చు. అందువల్ల ఏ సంవత్సరానికి, ఏ పద్దు కింద, ఎంత జమ పోగా ఎంత మిగిలిందో లిఖితపూర్వకంగా అడగాలి. ఆ ఉత్తరంలో "నా బాకీ" అన్న మాట రాయకూడదు.

కోర్టు సమన్లను పట్టించుకోకపోవడం సాహసం కాదు, మూర్ఖత్వం. గడువు సంగతి కోర్టే చూడవలసి ఉన్నా, మనం హాజరు కాకపోతే ఎదుటివారు రాసిన తేదీలే మిగులుతాయి. ఎక్స్‌పార్టీ డిక్రీ (మనం హాజరు కాకుండానే ఇచ్చే తీర్పు) వస్తే దాన్ని 12 ఏళ్ల వరకు అమలు చేయించుకోవచ్చు. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. వకీలుకు ఇచ్చుకోలేకపోతే, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు తదితరులు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగిలినవారు ఆదాయ పరిమితికి లోబడి, చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకుంటే ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు.